‘అంత పొద్దుపోయినాక ఆ పిల్లకేం పని?’ అని టీవీలో అంటే: ఫిర్యాదు ఎట్లా రాయాలి, ఎవరికివ్వాలి

అత్యాచారం మీద టీవీ చర్చ నడుస్తుండగా యాంకర్ బాధితురాలి మీద ఒక మాట వేస్తే మన దగ్గర జరిగేది దాదాపు ఒక్కటే. ఆ ముక్కను కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతారు. కింద నాలుగు తిట్లు రాస్తారు. రెండో రోజుకు క్లిప్ లక్షలమంది చూసేస్తారు, మూడో రోజుకు ఇంకో గొడవ వస్తుంది. ఛానల్‌కు పోయిందేమీ లేదు, పైగా వ్యూస్ దాని ఖాతాలోకే చేరాయి.

కోపం పనికి రావాలంటే ముందు మూడు వివరాలు కావాలి: ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, సరిగ్గా ఏ మాట. ఆ మూడూ ఉన్న ఒకటిన్నర పేజీ కాగితం సరైన మనిషికి వారంలోపు చేరితే ఛానల్ జవాబు రాసి తీరాలి. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉన్నవాళ్లు ఆ కాగితాన్ని ఎట్లా తయారు చేసుకోవాలో, దాన్ని పట్టుకుని ఏ గడప ఎక్కాలో కింద చెప్తున్నాం. దీనికి వకీలు అవసరం లేదు.

ముందు మాటను పట్టుకోండి

చర్చ అయిపోయిన గంటలోపే పని మొదలుపెట్టాలి. గొడవ పెద్దదవుతోందని తెలియగానే ఛానళ్లు యూట్యూబ్‌లోని వీడియోను తీసేయడమో, ఆ నలభై సెకన్లు కోసేసి మళ్లీ ఎక్కించడమో చేస్తుంటాయి. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ఆ మాటకు ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు కలిపి తీసుకోండి. ‘సందర్భం నుంచి తెంచి చూపిస్తున్నారు’ అన్నది ఛానళ్లకు కంఠతా వచ్చిన జవాబు, ఈ పది నిమిషాలు దానికి విరుగుడు. వీడియో లింకు, శీర్షిక, ఎక్కించిన తేదీ, థంబ్‌నెయిల్ స్క్రీన్‌షాట్ విడిగా దాచండి. థంబ్‌నెయిల్‌ను చాలామంది వదిలేస్తారు కానీ ఒక్కోసారి అసలు నింద అక్కడే ఉంటుంది.

కేబుల్‌లో చూసి, యూట్యూబ్‌లో దొరకకపోతే బెంబేలు పడక్కర్లేదు. ప్రసారమైన ప్రతిదాన్నీ 90 రోజులు దాచిపెట్టాలన్న షరతు ఛానళ్లకు ఉంది. ఢిల్లీలో కేంద్రం నడిపే ఎలక్ట్రానిక్ మీడియా మానిటరింగ్ సెంటర్ కూడా ఉపగ్రహ ఛానళ్లను రికార్డు చేస్తుంది. మీ దగ్గర క్లిప్ లేకున్నా తేదీ, సమయం నిమిషాలతో సహా ఉంటే వాళ్లు వెతకగలరు. ‘మొన్న రాత్రి ఏదో చర్చలో’ అని రాస్తే మాత్రం ఎవరూ వెతకరు. టీవీ మూలన కనబడే గడియారం చూసి సమయం వేయండి. యూట్యూబ్ కౌంటర్‌లో కనబడేది వీడియో నిడివే, ప్రసార సమయం కాదు. రెండూ రాయాలి, ఏది ఏదో చెప్పి రాయాలి.

పది నిమిషాల రికార్డింగ్ మెయిల్‌లో పోదు, జీమెయిల్ 25 ఎంబీ దగ్గర ఆపేస్తుంది. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. అయితే ఆ క్లిప్‌లో బాధితురాలి ముఖమో, ఇల్లో, ఊరి పేరో ఉంటే ‘లింకు ఉన్నవారెవరైనా’ అన్న అనుమతి పెట్టొద్దు. ఫిర్యాదు అందుకునే మెయిల్‌కు మాత్రమే తెరిచేటట్టు పెట్టండి. అసలు ఫైల్‌ను కత్తిరించకుండా, పేరు మార్చకుండా ఒకచోట ఉంచండి. రేపు వ్యవహారం పోలీసుల దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి కుంచించుకుపోయిన కాపీతో అది కష్టం.

ఇక అన్నిటికంటే విసుగు పుట్టించే పని, అన్నిటికంటే ముఖ్యమైన పని: విని మాటకు మాట రాయడం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇది కల్పితమే, కానీ ఇట్లాంటివి విననివాళ్లు ఉండరు. కర్నూలు దగ్గర 44వ నంబరు హైవే పక్కన జరిగిన ఘటన మీద రాత్రి 8 గంటల చర్చ. 8 గంటల 23 నిమిషాలకు యాంకర్ అంటాడు: ‘తప్పు వాళ్లదే, కాదనడం లేదు. కానీ అంత పొద్దుపోయినాక ఆ పిల్లకు హైవే పక్కన ఏం పని? తల్లిదండ్రులు ఏం చేస్తున్నట్టు?’ పక్కనున్న మహిళా న్యాయవాది ‘ఆ ప్రశ్న…’ అని మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపి, ‘ఒక్క నిమిషం మేడం’ అని బ్రేక్‌కు పోతాడు. కింద స్క్రోల్‌లో ‘ప్రేమ వ్యవహారమేనా?’ అని నడుస్తుంటుంది.

దీన్ని రాసేటప్పుడు ‘యాంకర్ బాధితురాలిని అవమానించాడు’ అని రాస్తే అది మీ అభిప్రాయమే అవుతుంది. పైన ఉన్నట్టు మాటలు, ఎత్తిన చెయ్యి, స్క్రోల్ అన్నీ సమయాలతో రాస్తే సాక్ష్యం అవుతుంది. స్క్రోల్ చివర ప్రశ్నార్థకాన్ని కూడా వదలొద్దు. డెస్కులో వాళ్లు దాన్ని గొడుగులా వాడతారు. ‘మేము అనలేదు, అడిగాం’ అనడానికి.

ఏది నింద, ఏది కాదు

ప్రతి ఇబ్బందికరమైన మాట మీదా ఫిర్యాదు చేస్తే అసలు ఫిర్యాదు పలచబడుతుంది. రాత్రి ప్రయాణంలో లొకేషన్ ఇంట్లోవాళ్లకు పంపండి అని ఒక ఎస్సై చెప్తే అది జాగ్రత్త. ‘పంపలేదు కాబట్టే ఇట్లయింది’ అని యాంకర్ అంటే అది నింద. నిందితుడి తరఫు వకీలు కోర్టులో ఏం వాదించాడో చెప్పడం వార్త. ఆ వాదననే తన ప్రశ్నగా మార్చుకుని బాధితురాలి తల్లిని అడగడం వార్త కాదు. ఒక నాయకుడి చెత్త మాటను ఖండిస్తూ ప్రసారం చేస్తే ఛానల్‌ను తప్పుపట్టలేం, అదే మాటను రోజంతా తిప్పి తిప్పి వేస్తే పట్టొచ్చు.

గుర్తుపట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ‘కానీ’ ముందున్నది వదిలేసి, ‘కానీ’ తర్వాత ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూడండి. ‘తప్పు వాళ్లదే, కానీ’ అన్న తర్వాత వాక్యం మొత్తం బాధితురాలి మీదికే పోతే, ముందు చెప్పింది ముసుగు మాత్రమే.

మీ కొలత మీది కాదు, న్యాయస్థానానిది అని చూపించగలిగితే కాగితానికి బరువు వస్తుంది. అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు 2021 మార్చి 18న ఇచ్చిన తీర్పులో, లైంగిక నేరాల కేసుల్లో న్యాయమూర్తులు ఏ మూస మాటలు వాడకూడదో వరుసగా రాసింది. రాత్రిపూట ఒంటరిగా ఉండటం, ఫలానా బట్టలు వేసుకోవడం వల్ల దాడికి ఆడవాళ్లే బాధ్యులవుతారనడం, మద్యం తాగిందంటే కోరుకున్నట్టే అనడం, ఒంటి మీద గాయాలు లేకపోతే ఒప్పుకున్నట్టే అనడం ఆ జాబితాలో ఉన్నాయి. 2023 ఆగస్టులో అదే కోర్టు మూస భావనల మీద ఒక చేతిపుస్తకమూ వేసింది. ఇవి న్యాయమూర్తులకు చెప్పినవి, ఛానళ్లను నేరుగా కట్టిపడేయవు. అయినా ‘జడ్జి అనకూడని మాట యాంకర్ అనొచ్చా?’ అన్న ప్రశ్నకు జవాబివ్వడం ఛానల్‌కు కష్టం. బాధితురాలి నడవడి, గత సంబంధాలు సమ్మతి విషయంలో లెక్కలోకి రావని సాక్ష్య చట్టం (ఇప్పటి చట్టంలో 48వ సెక్షన్) చెప్తోంది. కోర్టులో చెల్లనిదాన్ని స్టూడియోలో గంటసేపు చర్చిస్తున్నారని రాయండి.

‘తెలియని ప్రాంతానికి పోయింది, అందుకే’ అన్న తరహా మాటకు ఇంకో జవాబుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఏటేటా అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే: బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు, యజమానులు. పొద్దుపోకముందే ఇల్లు చేరడం వాళ్లనుంచి కాపాడదు.

నడవడి మీద మాట వేయడం తెలుగునాట ఈ మధ్య పుట్టింది కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం జరిగి, పోలీసు దెబ్బలకు ఆమె భర్త చనిపోయినప్పుడు పోలీసులు ఎత్తుకున్న మొదటి వాదన ఆమె ఎలాంటిదన్నదే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. ఆమె పేరు అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఇక్కడ రాయకపోవడానికి కారణం కింద ఫ్లెక్సీల దగ్గర వస్తుంది.

కాగితం రాయడం

ఒకటిన్నర పేజీ మించొద్దు. పై ఉదాహరణకు నమూనా ఇట్లా ఉంటుంది:

‘గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి. మీ ఛానల్‌లో ఫలానా తేదీ రాత్రి 8 గంటలకు ప్రసారమైన ఫలానా చర్చలో 8.23 నుంచి 8.24 మధ్య యాంకర్ అన్న మాటలు ఇవి: (మాటకు మాట). అదే సమయంలో స్క్రోల్‌లో వచ్చినది: (మాటకు మాట). జవాబివ్వబోయిన అతిథిని 8.24కు ఆపారు. ఈ మాటలు నేరానికి బాధ్యతను బాధితురాలి మీదికీ ఆమె కుటుంబం మీదికీ నెడుతున్నాయి. స్క్రోల్‌లోని ప్రశ్నకు ఆధారం ఏమిటో ప్రసారంలో ఎక్కడా చెప్పలేదు. ఇవి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు, 1994లోని 6వ నిబంధన (1) కింద ఎ, డి, ఐ క్లాజులకు విరుద్ధం. మేము కోరేది: ఆ భాగాన్ని అన్ని వేదికల నుంచి తొలగించడం, అదే సమయపు చర్చ మొదట్లో యాంకర్ నోటితోనే సవరణ చెప్పించడం, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపడం. ఇదే విషయం మీద ఏ కోర్టులోనూ మేము కేసు వేయలేదు.’

ఆ క్లాజుల గురించి ఒక మాట. చాలామంది నేరుగా ‘కె’ క్లాజు పట్టుకుంటారు, అందులో ‘మహిళలను కించపరచడం’ అన్న మాట ఉంది కదా అని. కానీ ఆ క్లాజు రాసింది స్త్రీ శరీరాన్ని చూపించే తీరు గురించి. మాటతో చేసిన నిందకు అదొక్కటే పెడితే ఛానల్ వకీలు ‘మేము ఏ దృశ్యమూ చూపలేదు’ అని తప్పించుకుంటాడు. ‘ఎ’ మర్యాదకు విరుద్ధమైనది, ‘డి’ పరువు తీసేది, అబద్ధపు సూచన, అర్ధసత్యం. ‘ఐ’ ఒక వ్యక్తినో, సమాజంలో ఒక వర్గాన్నో దూషించడం. ప్రశ్నార్థకం పెట్టిన స్క్రోల్‌కు ‘డి’ అతికినట్టు సరిపోతుంది. థంబ్‌నెయిల్‌లో ఆడపిల్ల బొమ్మను అసభ్యంగా వాడితే అప్పుడు ‘కె’ కూడా చేర్చండి. (అదే 6వ నిబంధన రెండో భాగం ఆడవాళ్లను నిగ్రహం, నీతి, సౌశీల్యం ఉన్నవాళ్లుగా చూపాలని హితబోధ చేస్తుంది. దాన్ని ఉటంకించకపోవడమే మంచిది, యాంకర్ వాదనకు అది దగ్గరి చుట్టం.)

తిట్లు రాయొద్దు. ‘ఈ వెధవ’, ‘అమ్ముడుపోయిన ఛానల్’ లాంటివి మీ కాగితంలో కనబడితే విషయం దారి తప్పుతుంది. పరువునష్టం నోటీసు మీకే రావచ్చు, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఫిర్యాదుదారుకూ వర్తిస్తుంది. అన్నమాట రాయండి, నిబంధన రాయండి, కోరేది రాయండి. ఆపేయండి.

తెలుగులో రాసి, కింద యాంకర్ మాటలకు ఇంగ్లీషు తర్జుమా జతచేయండి. పైమెట్టుకు పోయినప్పుడు ఢిల్లీలో చదివేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. ‘ఏం పని?’ అన్నదానిలోని ఎత్తిపొడుపు మాటకు మాట తర్జుమాలో పోతుంది. అది ఎత్తిపొడుపని ఒక వాక్యంలో వివరించండి. పదిమంది సంతకాలున్న ఒక కాగితం, పది వేరువేరు కాగితాలకంటే గట్టిది కాదు. ఒకే నమూనాను వందమంది కాపీ కొట్టి పంపినా అంతే, అన్నిటికీ ఒకే జవాబుతో సరిపెడతారు. నలుగురు నాలుగు రకాలుగా, సొంత మాటల్లో రాస్తే నాలుగు జవాబులు రాయాలి.

ఎవరికివ్వాలి

ఉపగ్రహ ఛానల్ అయితే మొదటి మెట్టు ఛానలే. 2021 జూన్ 17న కేబుల్ నిబంధనలకు చేసిన సవరణ మూడు మెట్లు పెట్టింది. ఛానల్ ఫిర్యాదుల అధికారి పేరు, మెయిల్ దాని వెబ్‌సైట్‌లో ఉండాలి. సాధారణంగా అట్టడుగున, కళ్లు చిట్లించుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో రసీదు ఇవ్వాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా ఇంకో 15 రోజుల్లో రెండో మెట్టుకు, అంటే ఛానల్ సభ్యురాలిగా ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు పోవచ్చు. అది 60 రోజుల్లో తేల్చాలి. ఆపై 15 రోజుల్లో కేంద్ర సమాచార, ప్రసార శాఖకు.

వార్తా ఛానళ్లలో కొన్ని న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అండ్ డిజిటల్ అసోసియేషన్‌లో ఉంటాయి, వాటికి రెండో మెట్టు ఆ సంఘం పెట్టిన ప్రమాణాల అథారిటీ, ఎన్‌బీడీఎస్‌ఏ. కొన్ని న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ ఫెడరేషన్‌లో ఉంటాయి, వాటిది వేరే అథారిటీ. సీరియళ్లు, గేమ్ షోల ఛానళ్లకు 2011 నుంచి బీసీసీసీ అనే ఫిర్యాదుల మండలి ఉంది. ఏ సంస్థా లేని ఛానల్ అయితే సమాచార, ప్రసార శాఖకు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో వేయాలి. ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. ఎన్‌బీడీఎస్‌ఏ పద్ధతిలో ప్రసారమైన 7 రోజుల్లోపే ఛానల్‌కు రాసి ఉండాలి, పైమెట్టుకు 14 రోజుల గడువు. ఛానల్‌ను దాటి నేరుగా పైకి పంపితే తిప్పి పంపుతారు, ఆలోపు వారం గడిచిపోతుంది. ఇదే విషయం మీద కోర్టులోనో ఇంకో చట్టబద్ధ సంస్థలోనో విచారణ నడుస్తుంటే తీసుకోరు. కాబట్టి ఏ దారిలో పోవాలో మొదటి రోజే తేల్చుకోవాలి.

పోలీసు కేసు దారి అందరికీ మొదట గుర్తొస్తుంది. యాంకర్ మాట ఒక ఫలానా మహిళ మర్యాదను దెబ్బతీసేటట్టు ఉన్నా, బాధితురాలి గుర్తింపు బయటపెట్టినా పోలీస్ స్టేషనే సరైన చోటు. వట్టి మొరటు వ్యాఖ్యకు మాత్రం ఆ దారి తరచు ఎదురు తిరుగుతుంది. అమరావతి మహిళల మీద ఒక ఛానల్ చర్చలో విశ్లేషకుడు అన్న మాటలకు 2025 జూన్‌లో కేసులయ్యాయి. యాంకర్‌నూ అరెస్టు చేశారు, ఆయనకు జూన్ 13న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఆ తర్వాత చర్చ చాలావరకు అరెస్టు సబబా కాదా అన్నదాని మీదికి మళ్లింది, అన్న మాట వెనకబడిపోయింది. అతిథి అన్నదానికి యాంకర్ ఎంతవరకు నేరస్థుడన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. అతిథిని ఆపకపోవడం ప్రసార నియమాల కింద ఛానల్ తప్పా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు రాబట్టడం సులువు.

లోకల్ కేబుల్ ఛానల్ సంగతి వేరు. ఆదోనిలోనో, గుంతకల్లులోనో, ప్రొద్దుటూరులోనో కేబుల్ ఆపరేటర్ నడిపే వార్తల మీద ఢిల్లీకి రాయడం వృథా. కేబుల్ చట్టం, 1995 కింద కలెక్టరు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ అధీకృత అధికారులు. టీవీ కార్యక్రమాల మీద జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండాలని కేంద్రం ఆదేశాలున్నాయి. కలెక్టరు అధ్యక్షుడు, ఎస్పీ, జిల్లా పౌరసంబంధాల అధికారి (డీపీఆర్వో), ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్, మహిళల కోసం పనిచేసే సంస్థ ప్రతినిధి వంటివాళ్లు సభ్యులు. మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా, మహిళా కళాశాల తరఫున ఎవరున్నారు అని డీపీఆర్వో ఆఫీసులో అడగండి. ‘అట్లాంటిదేం లేదే’ అన్నారనుకోండి, అదే అర్జీ. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (కర్నూలులో సునయన ఆడిటోరియం, అనంతపురంలో రెవెన్యూ భవన్) రెండు కోరికలతో ఇవ్వండి: కమిటీ వేయాలి, జతచేసిన ఫిర్యాదును దాని ముందుంచాలి. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా లేవొద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నంద్యాల, హిందూపురం, రాయచోటి వాళ్లు పాత జిల్లా కేంద్రానికి వచ్చి పొద్దు పోగొట్టుకోవద్దు.

రేడియోలో అంటే, ఆకాశవాణి అయితే స్టేషన్ అధిపతికి రాయాలి. ప్రసార భారతి ప్రభుత్వ సంస్థ కాబట్టి, ఫిర్యాదు మీద ఏం చేశారో తెలపమని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు ఎఫ్ఎం వాళ్లూ ఆకాశవాణి నియమావళికి కట్టుబడే అనుమతి తెచ్చుకున్నారు. పత్రికలో అచ్చయితే ప్రెస్ కౌన్సిల్: ముందు సంపాదకుడికి రాసి, దినపత్రికకైతే రెండు నెలల్లోపు కౌన్సిల్‌కు. టీవీ మీద కౌన్సిల్‌కు రాస్తే పనికాదు, దాని పరిధి అచ్చు పత్రికలే.

రాష్ట్ర మహిళా కమిషన్‌కు ఒక నకలు పంపడం మంచిదే, పిలిపించే అధికారం దానికుంది. ఇంగ్లీషు కాగితం రాయడం కష్టమైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం అందుతుంది. ఫోన్ 15100.

ఫ్లెక్సీ వేసే ముందు

మన ఊళ్లలో కోపం వస్తే ముందు ఫ్లెక్సీ పడుతుంది. కడప ఏడు రోడ్ల కూడలిలోనో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరో బాధితురాలి ఫొటో, పేరు, ‘న్యాయం చేయాలి’. యాంకర్ చేసిన తప్పుకంటే చట్టం దృష్టిలో అది పెద్ద నేరం కావచ్చు. బాధితురాలి పేరో, గుర్తుపట్టే వివరమో బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. బాలిక అయితే పోక్సో చట్టం 23వ సెక్షన్ విడిగా ఉంది. అది ఇల్లు, బడి, కుటుంబం, చుట్టుపక్కల వివరాలు కూడా చెప్పొద్దంటుంది. ఆమె చనిపోయినా సరే పేరు రాయకూడదని నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. కన్నవాళ్లు ఒప్పుకున్నారన్నది సాకు కాదు.

పేరొక్కటే కాదు సమస్య. ఐదువందల గడపల ఊళ్లో ‘ఫలానా ఊరు, ఇంటర్ రెండో సంవత్సరం, తండ్రి ఆటో డ్రైవర్’ అంటే పేరు చెప్పినట్టే. హ్యాష్‌ట్యాగ్‌లో పేరు, కొవ్వొత్తుల ర్యాలీలో ఫొటో, ఫిర్యాదు నకలును ఫేస్‌బుక్‌లో పెట్టడం, అన్నిటికీ ఇదే లెక్క. యాంకర్ మాటల్లోనే గుర్తింపు వివరం ఉంటే, బహిరంగ కాగితంలో అక్కడ ఖాళీ గీత పెట్టండి. అధికారికిచ్చే నకలులో మాత్రం ఉంచండి.

ప్లకార్డు మీద యాంకర్ మాటను మళ్లీ రాయొద్దు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తే దూరం నుంచి చదివేవాడికి ఆ మాటే కనబడుతుంది. ‘ప్రశ్న ఆమెకు కాదు, వాళ్లకు వేయండి’ లాంటిది చాలు. ధర్నాకు రెండు మూడు రోజుల ముందే డీఎస్పీ ఆఫీసులో అనుమతి కోసం రాసివ్వండి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంటే అనుమతి లేని గుంపును వ్యాన్ ఎక్కిస్తారు, వార్త మళ్లీ దారి తప్పుతుంది.

ఛానల్ జిల్లా విలేకరిని చుట్టుముట్టడం తప్పు. హైదరాబాద్ స్టూడియోలో అన్న మాటకు ఆదోని విలేకరికి సంబంధం లేదు. చాలామందికి జీతం కూడా ఉండదు, వార్తకింత అని లెక్క. ఆయనకు మర్యాదగా ఒక నకలిచ్చి, అందినట్టు సంతకం చేయించుకుంటే డెస్కుకు విషయం తొందరగా చేరుతుంది.

బాధితురాలు, కుటుంబం ఈ ఫిర్యాదులో భాగం కానక్కర్లేదు. ప్రసారం చూసిన ఎవరైనా రాయొచ్చు. వాళ్లకు చెప్పాలనిపిస్తే జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి వన్ స్టాప్ సెంటర్ కౌన్సెలర్ ద్వారానో, వాళ్ల వకీలు ద్వారానో చెప్పండి. పదిమంది కెమెరాలతో ఇంటిముందు దిగితే స్టూడియో చేసినదే మీరూ చేసినట్టు.

ప్రకటనలు, క్షమాపణ

ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కడానికి నెలలు పట్టొచ్చు. ఆలోపు ఛానల్‌ను తొందరగా కదిలించేది ప్రకటన డబ్బు. 2013 నవంబరులో న్యూజీలాండ్‌లో కొందరు కుర్రాళ్లు మైనర్ బాలికల మీద చేసిన అఘాయిత్యాలు బయటపడ్డాయి. బాధితురాళ్లలో ఒకరి స్నేహితురాలినని ఫోన్ చేసిన అమ్మాయిని రేడియోలైవ్ అనే స్టేషన్ వ్యాఖ్యాతలిద్దరు ఆమె సొంత విషయాలే గుచ్చి గుచ్చి అడిగారు. ఒక రచయిత, ఆ కార్యక్రమానికి ప్రకటనలిచ్చే కంపెనీలకు రాసి వాళ్ల అభిప్రాయం అడిగాడు. కంపెనీలు ఒక్కొక్కటే ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. ఆ ఇద్దరూ ఏడాది చివరిదాకా మైకు ముందుకు రాలేదు.

మన దగ్గరా ఇది కుదురుతుంది. చర్చకు ముందూ వెనకా వచ్చే బ్రేకుల్లో ఏ ప్రకటనలు వచ్చాయో రాసుకోండి: బంగారం షాపు, చీరల షాపు, కార్పొరేట్ కాలేజీ, ఆసుపత్రి. చీరల షాపులో కొనేది ఎవరో యజమానికి తెలుసు. ‘బహిష్కరిస్తాం’ అని మొదలుపెట్టొద్దు. యాంకర్ మాటలు జతచేసి, ‘ఈ మాటల పక్కన మీ పేరు రావడం మీకు సమ్మతమేనా?’ అని ఒక్క ప్రశ్న, వారం గడువు. లోకల్ షాపులకు కాగితం చేతికివ్వడమే మేలు, మెయిల్ పెడితే ఎవరూ తెరవరు.

చివరికి క్షమాపణ వస్తే దాన్నీ చదవాలి. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం’ అన్నది క్షమాపణ కాదు, తప్పు నొచ్చుకున్నవాళ్లదే అని ఇంకోసారి అనడం. ఏ తేదీ, ఏ మాట, ఎందుకు తప్పు అన్నవి అందులో ఉండాలి. అదే చర్చ సమయంలో రావాలి. అర్ధరాత్రి స్క్రోల్‌లో మూడుసార్లు తిప్పి అయిపోయిందనిపిస్తే, జవాబు సంతృప్తికరంగా లేదని రాసి రెండో మెట్టుకు పోవచ్చు. సవరణను కూడా రికార్డు చేసి పెట్టుకోండి.

మీ పేరు బయటికొస్తే బూతు మెసేజీలు మొదలవ్వొచ్చు. జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. ఫిర్యాదు కోసం విడిగా ఒక మెయిల్ తెరవడం, ఫోన్ నంబరును బహిరంగ నకలులో కొట్టేయడం ముందే చేసుంటే ఆ బాధ సగం తగ్గుతుంది.

వీడియో తొలగించామని ఛానల్ రాసిచ్చిన రోజున ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి వెతకండి. అదే నలభై సెకన్లు థంబ్‌నెయిల్ మార్చుకుని షార్ట్స్‌లో, ఛానల్ రెండో ఖాతాలో మళ్లీ ఎక్కుతుంటాయి. దొరికితే కొత్త ఫిర్యాదు రాయక్కర్లేదు. పాత నంబరు, వాళ్లిచ్చిన జవాబు, కొత్త లింకు, మూడూ జతచేసి పంపితే చాలు.